రేగులగూడకు దారి చూపిన డబ్బా

బండికి దారి చూపే యంత్రం ఏది కొంటే మంచిదని ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. కరీంనగర్ కోర్టు పక్కన నాకు జిరాక్స్ సెంటర్ ఉంది. బయట నిలబెట్టిన నా మోటారుసైకిల్ హ్యాండిల్ మీద అరచేయంత నల్లటి డబ్బా ఉంటుంది. కాగితాలు తీయించుకోవడానికి వచ్చినవాళ్లు దాని దగ్గర ఆగుతారు. వానకు తట్టుకుంటుందా, ఎండలో కనబడుతుందా, ఎంత పడింది అని అడుగుతారు. ధర చెప్పి ఊరుకుంటాను. చెప్పాల్సింది ధర కాదు. దాన్ని కొన్న మర్నాడు నా భార్య భాగ్యను వెనక కూర్చోబెట్టుకుని ఆసిఫాబాద్ వైపు చేసిన ప్రయాణం గురించి చెప్పాలి. జిరాక్స్ తీస్తూ చెప్పే సంగతి కాదది. అందుకే రాస్తున్నాను.

కరీంనగర్: సలీం భాయ్ దుకాణం

భాగ్యను పెంచింది వాళ్ల పెద్దవ్వ. అంటే తల్లికి అక్క. తల్లి చిన్నప్పుడే పోతే, చంకనేసుకుని రేగులగూడకు తీసుకుపోయి, తన కొడుకు రాజేశంతో పాటే సాకింది. రేగులగూడ ఆసిఫాబాద్ జిల్లాలో అడవి అంచున ఉన్న చిన్న ఊరు. అక్కడ ఫోను ఒకరోజు పలుకుతుంది, రెండు రోజులు పలకదు.

మొన్నటి వానాకాలం చివర్లో ఒక పొద్దున పెద్దవ్వ చాయ్ తాగి, మంచం మీద ఒరిగి, మళ్లీ లేవలేదు. ముసురు పట్టింది, కట్టెలు తడుస్తున్నాయని మధ్యాహ్నానికే దహనం చేశారు. రాజేశం గుట్టెక్కి సిగ్నల్ పట్టుకుని మాకు చెప్పేసరికి సాయంత్రమైంది. భాగ్యకు ఆఖరి చూపు దక్కలేదు.

మిగిలింది మూడో రోజు. మా వైపు మూడో రోజున పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, దహనం చేసిన చోట ఆకులో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయిన మనిషికి తీరని కోరిక ఏదీ లేదని అర్థం. ముట్టకపోతే ఎవరి మీద మనసు పెట్టుకుందో అని ఒక్కొక్కరే ముందుకొచ్చి బతిమాలుతారు. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు తినరు. ఆడబిడ్డలు తమ ఇంటి నుంచి ఏదో ఒకటి చేసి తేవాలి.

"మక్కగారెలంటె పాణం పెద్దవ్వకు. నా చేత్తోని పెడ్త," అంది భాగ్య. ఆ రాత్రి ఆమె అన్న మాట అదొక్కటే.

రెండో రోజు పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికే నిమ్మళంగా చేరేవాళ్లం. భాగ్య సంచి సర్దుకుని ఇంటి ముందు గద్దె మీద కూర్చుంది. నేను మాత్రం, "గంటల వస్త, బండికి ఒక సామాను పెట్టిచ్చుకోవాలె," అని చెప్పి సలీం భాయ్ దుకాణానికి వెళ్లాను.

దాచకుండా చెబుతాను. ఆ డబ్బా కావాలని నాకు ఏడాది నుంచీ మనసు. జిరాక్స్ మిషన్ తిరుగుతుంటే ఫోనులో దాని వీడియోలే చూసేవాణ్ని. ఫోను ఎండకు వేడెక్కి ఆరిపోతుంది, అడవిలో సిగ్నల్ ఉండదు, ఇది నేరుగా ఆకాశంలోని ఉపగ్రహాలతో మాట్లాడుతుంది అని నాకు నేనే చెప్పుకునేవాణ్ని. కొనడానికి సాకు దొరకలేదంతే. పెద్దవ్వ చావు ఆ సాకు అయింది.

సలీం భాయ్ ముప్పై ఏళ్లుగా బండ్ల సామాను అమ్ముతున్నాడు. మూడు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది గుండ్రంగా చిన్నది, బాణం గుర్తు తప్ప ఏమీ చూపదు. రెండోదానికి తెర పెద్దది, కానీ చేతికి గ్లౌజు ఉంటే నొక్కు పడదు. మూడోది వానకు తడవదు, బండి బ్యాటరీ నుంచే కరెంటు తీసుకుంటుంది, హెల్మెట్‌లో పెట్టుకునే ఇయర్‌ఫోన్‌లో దారి చెబుతుంది. ఒక్కోదాన్నీ బండికి బిగించమన్నాను. మంకమ్మతోట దాకా పోయి వచ్చాను. మళ్లీ విప్పించాను. మళ్లీ మొదటిదాన్ని బిగించమన్నాను. మధ్యాహ్నం దాటింది.

"భయ్యా, పెండ్లికి పిల్లను చూసినప్పుడన్న గింత సూసినవా?" అన్నాడు సలీం భాయ్.

"అప్పుడు మా బాపు చూసిండు," అన్నాను. ఇద్దరం నవ్వాం. అప్పటికి భాగ్య రెండుసార్లు ఫోను చేసింది. మూడోసారి ఫోను మోగినప్పుడు నేను తెర వెలుతురు తగ్గించడం నేర్చుకుంటున్నాను. ఎత్తలేదు.

చివరకు సలీం భాయే తేల్చాడు. "జర నువ్వు పొయ్యే ఊరు కొట్టి చూడు. ఏది సూపెడ్తె గది తీస్కపో. నాక్కూడ నమాజ్ టైమైతుంది."

రేగులగూడ అని కొట్టాను. మొదటిదానికి తెలియదు. రెండోది తెలియదంది. మూడోది ఒక్క క్షణం ఆలోచించి, పచ్చటి అడవి మధ్యలో ఎర్ర చుక్క పెట్టింది. పక్కనే పేరు. నాకు ఒళ్లు పులకరించింది.

"గంత చిన్న ఊరు గూడ ఉన్నదంటే ఇంకేం ఫికర్ లేదు. నచ్చకుంటె వారంల వాపస్ తీస్కరా," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. భాగ్య గద్దె మీదే ఉంది, సంచి పక్కనే ఉంది. డబ్బా చూపించి, "మీ ఊరు దొరికింది చూడు," అన్నాను. ఆమె దానివైపు చూడలేదు. లేచి లోపలికి వెళ్లి మక్కకంకులు ఒలవడం మొదలుపెట్టింది.

సుల్తానాబాద్: చాయ్ హోటల్

మూడో రోజు తెల్లవారుతుండగా బయల్దేరాం. భాగ్య చీకటితోనే లేచి గారెలు చేసింది. స్టీలు డబ్బాలో పెట్టి, పాత చీర ముక్కతో మూటకట్టి ఒళ్లో పెట్టుకుంది. పిట్ట ముట్టేదాకా తాను ఏమీ తిననంది.

సుల్తానాబాద్‌లో చాయ్ కోసం ఆగాను. నా కోసమే. రోడ్డుకు రెండువైపులా వరి పొట్ట మీద ఉంది. రైస్‌మిల్లు గేట్ల ముందు లారీలు నిద్రపోతున్నట్టు నిలబడి ఉన్నాయి. చాయ్ పది రూపాయలు. మా కోర్టు దగ్గరా అంతే, కాకపోతే ఇక్కడ గ్లాసు నిండా పోస్తారు. బెంచీ మీద బీడీ కాలుస్తున్న ఒక ముసలాయన డబ్బావైపు వంగి చూశాడు.

"గిదేంది బిడ్డా, బండికి టీవీనా?"

"కాదే తాతా, దారి చెప్తది."

"అడిగితె మేం జెప్పమా? యాడికి?"

"ఆసిఫాబాద్ దిక్కు, రేగులగూడ."

"ఆసిఫాబాద్ రోడ్డు గుడ్డోనికి గూడ ఎర్కనే. ఇగ గా పిల్ల ఎందుకు చాయ్ తాగుతలేదు? కొట్లాడిండ్రా?"

భాగ్య తలకొంగు సర్దుకుంది. "మా పెద్దవ్వకు పిట్టకు పెట్టేది ఉన్నది తాతా," అంది.

ముసలాయన బీడీ ఆర్పేసి చెవిలో పెట్టుకున్నాడు. "మరి గీడ కూసుంటరేంది? లెవ్వుండ్రి, లెవ్వుండ్రి," అన్నాడు. నా చాయ్ డబ్బులు కూడా హోటలాయనను తీసుకోనివ్వలేదు.

గోదావరి వంతెన

పెద్దపల్లి దాటి గోదావరి మీదికి వచ్చేసరికి ఎండ పొడిచింది. నది నిండా ఎర్ర నీళ్లు. మంచిర్యాల వైపు పోయే బస్సుల కిటికీల్లోంచి చేతులు బయటికొచ్చి రూపాయి బిళ్లలు విసురుతున్నాయి. మావాళ్లు గోదావరి దాటితే బిళ్ల వేయకుండా ఉండరు.

భాగ్య నా భుజం తట్టింది. ఇయర్‌ఫోన్‌లో యంత్రం హిందీలో, ఆడగొంతుతో, ఇంకా ఎంత దూరం నేరుగా పోవాలో చెబుతోంది. భుజం తట్టిన సంగతి నాకు తెలియకపోలేదు. ఆగితే తెర మీద చేరే సమయం మారుతుంది, అంతే. ఆగలేదు. ఆమె నడుస్తున్న బండి మీది నుంచే బిళ్ల విసిరింది. అది వంతెన గోడకు తగిలి రోడ్డు మీదికే వచ్చి దొర్లింది. అద్దంలో చూశాను.

"పడలే," అంది.

"ఏంది?"

"ఏం లేదు. పోనియ్యి."

ఎడమకు

బెల్లంపల్లి దగ్గర బొగ్గు లారీల దుమ్ము. వాన వెలిసిన మర్నాడు కూడా అక్కడ ఆకులు నల్లగానే ఉంటాయి. ఊరు దాటాక నాలుగు రాళ్ల మధ్య నిప్పులు పెట్టుకుని ఆడవాళ్లు మక్కకంకులు కాలుస్తున్నారు. ఇక్కడికి వచ్చేసరికి మాట మారుతుంది. మనిషిని పిలిచే తీరులోనే మహారాష్ట్ర దగ్గరపడినట్టు తెలుస్తుంది. కంకులమ్మే ఆమె భాగ్యను "బాయీ" అనీ నన్ను "దాదా" అనీ పిలిచింది.

కొద్ది దూరం పోగానే యంత్రం ఎడమకు తిరగమంది.

భాగ్య గట్టిగా నా వీపు మీద కొట్టింది. ఈసారి ఆపాను.

"ఇటెందుకు? సీదా ఆసిఫాబాద్ పోయి ఆడికెళ్లి పోతరు అందరు. నేను పుట్టి బుద్ధెరిగినకాడికెళ్లి గట్లనే పోతున్న."

"నువ్వు బస్సుల పోయినవు కాబట్టి. బస్సులు తిరిగి పోతయి. ఇది అడవిలకెళ్లి దగ్గరి తొవ్వ సూపెడ్తుంది. చూడు, మీ ఊరి పేరు రాసి లేదా?"

ఆమె మొదటిసారి వంగి తెరను చూసింది. ఎర్ర చుక్క, పక్కన రేగులగూడ. తన ఊరి పేరు వెలుగుతున్న అక్షరాల్లో చూసి ఆమె కొంచెం మెత్తబడింది. "పది లోపట పెడ్తమన్నడు అన్న," అని మాత్రం అంది.

"గింతే. ఇగ వచ్చినట్టె," అన్నాను.

తారురోడ్డు కొంత దూరానికి మట్టిరోడ్డయింది. మట్టిరోడ్డు బండ్ల బాట అయింది. రెండువైపులా టేకుచెట్లు, మధ్యమధ్య పత్తిచేలు. ఫోనులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. డబ్బా మాత్రం ధైర్యంగా గీత గీస్తూనే ఉంది. ఒక మలుపులో మేకలు కాసే మనిషి ఎదురయ్యాడు. చేయెత్తి ఏదో అన్నాడు. హెల్మెట్‌లో నాకు యంత్రం గొంతే వినిపించింది. నేను చేయి ఊపి సాగిపోయాను.

"ఆయన ఏమో చెప్పిండు. ఊరు లేదన్నట్టు ఇనబడ్డది," అంది భాగ్య.

"ఊరు లేకుంటె దీంట్ల ఎట్లుంటది?"

ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే సిగ్గుగా ఉంది. తను పెరిగిన దిక్కు గురించి ఆమె చెప్పింది. ఆ అడవిలోనే బతికే మనిషి చెప్పాడు. నేను నిన్న కొన్నదాని మాట విన్నాను.

తర్వాత వాగు వచ్చింది. డబ్బాలో అక్కడ నీలం గీత కూడా లేదు. నీళ్లు మోకాలి లోతే గానీ అడుగున బురద. ముందుచక్రం దిగబడింది, నేను పక్కకు ఒరిగాను. భాగ్య దూకి, మూటను నెత్తి మీద పెట్టుకుని, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని అవతలి ఒడ్డు చేరింది. బండిని బయటకు లాగడానికి చాలాసేపు పట్టింది. నా చెప్పు ఒకటి వాగులోనే ఉండిపోయింది. ఎండ చురుక్కుమంటోంది. పది దాటిపోయిందని ఇద్దరికీ తెలుసు.

ఊరు లేని ఊరు

ఒక చిన్న మెట్ట ఎక్కగానే యంత్రం సంతోషంగా, గమ్యం చేరుకున్నారని చెప్పింది.

అక్కడ ఏమీ లేదు. నడుము ఎత్తు గడ్డి. గడ్డిలో అక్కడక్కడా రాళ్ల పునాదులు. గోడలు లేవు, కప్పు లేదు, మనిషి లేడు. మూడు రేగుచెట్లు, ఒక కూలిన చేదబావి. ఇంజన్ ఆపేస్తే పురుగుల చప్పుడు.

నేను డబ్బాను కొట్టాను. అది మళ్లీ అదే మాట చెప్పింది. భాగ్య కోసం వెనక్కి తిరిగాను. ఆమె బండి దగ్గర లేదు. గడ్డిని చేతులతో తోసుకుంటూ, ఎవరో పిలిచినట్టు, నేరుగా ఒక పునాది దగ్గరికి పోతోంది.

"పాత ఊరు," అంది. "గిది మా పాత ఊరు."

పెళ్లయి ఇన్నేళ్లయినా నాకు తెలియని సంగతి అప్పుడు చెప్పింది. ఆమె చిన్నతనంలో వాగు ఏటా పొంగి చేలు కోసుకుపోయేది. ఒక ఏడు ఇళ్లలోకే వచ్చింది. ఊరివాళ్లంతా కూడి, గుట్ట అవతల రోడ్డు పక్కకు జరిగిపోదామని తీర్మానించారు. తలుపులు, గడపలు, దూలాలు, పెంకులు ఎడ్లబండ్ల మీద వేసుకుని పోయారు. పోచమ్మను కూడా తీసుకుపోయారు. ఊరి పేరునూ తీసుకుపోయారు. ఎక్కడ ఇళ్లు కట్టుకుంటే అదే రేగులగూడ. ఈ సంగతి పటం గీసినవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

"నాకు పదేండ్లు అప్పుడు. పెద్దవ్వ అన్ని మూట గట్టింది గని గిదొక్కటి లెవ్వలే."

ఆమె కాలితో గడ్డి తొక్కింది. భూమిలో పాతిన రోలు. అంచు ఒకవైపు విరిగి ఉంది.

"గీ పెచ్చు నేనే ఊడగొట్టిన. రోకలి మీదికెల్లి జారింది. పెద్దవ్వ నన్ను కొట్టలే. వంగి నా కాళ్లు సూసింది, దెబ్బ తాకిందా అని."

రోలులో వాననీళ్లు నిలిచాయి. ఆమె చేత్తో నీళ్లు తోడి పారబోసింది. కొంగుతో తుడిచింది. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. గుట్ట అవతల అప్పటికే అంతా అయిపోయి ఉంటుందని ఆమెకు తెలుసు. మూట విప్పి, ఒక టేకాకు తెంపి రోట్లో పరిచి, దాని మీద గారెలు పెట్టింది. అన్నీ కాదు. సగం. మిగతా సగం మళ్లీ మూటకట్టింది.

నేను ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిగా, దూరంగా నిలబడ్డాను. క్షమించమని అడగాలనుకున్నాను. ఆ చోట ఆ మాట కూడా నా గురించే అవుతుందనిపించింది.

చాలాసేపు చూశాం. కాకి రాలేదు. ఒక పిట్ట రేగుచెట్టు మీద కూర్చుని, మమ్మల్ని చూసి ఎగిరిపోయింది.

"నడు. అన్న పరేషాన్ అయితుండచ్చు," అంది భాగ్య. "ఇగ నేను జెప్పినట్టు పోనియ్యి."

మెట్ట దిగుతుంటే మేకలాయన ఎదురొచ్చాడు. "అప్పుడే జెప్తి కద దాదా, ఊరు ఆడ లేదని. నువ్వు చెయ్యి ఊపితివి. నాకు దండం పెట్టినవనుకున్న," అని పళ్లు బయటపెట్టి నవ్వాడు. నేను నిజంగానే దండం పెట్టాను.

ఇయర్‌ఫోన్ తీసి జేబులో వేసుకున్నాను. భాగ్య నా భుజం మీద చేయి వేసి, ఎడమకైతే ఎడమ భుజం, కుడికైతే కుడి భుజం నొక్కుతూ గుట్ట చుట్టూ తిప్పింది. అరగంట కూడా పట్టలేదు.

రోడ్డు మీది రేగులగూడ

రాజేశం ఇంటి ముందు టెంటు కింద అందరూ భోజనాలు చేసి లేచారు. టేకాకు విస్తర్లు ఒక మూలన కుప్పగా పడి ఉన్నాయి. అవి చూడగానే భాగ్య చేయి నా భుజం మీద బిగుసుకుంది. విస్తర్లు లేచాయంటే పిట్ట ముట్టిందన్నమాట.

రాజేశం ఎదురొచ్చాడు. గుండు చేయించుకున్న తల. చెల్లెల్ని పట్టుకుని ఏడ్చాడు. నన్ను చూసి, నా బురద ప్యాంటూ, వట్టి కాలూ చూసి, "ఏమైంది బావా, పడ్డరా?" అని ముందుగా అదే అడిగాడు. ఆలస్యం గురించి అడగలేదు.

"పదిన్నర దాంక సూసినం చెల్లె. పెద్దమనుషులు ఇగ కాదన్నరు. ముసలోళ్లు, పిల్లలు ఆకలితోని ఉన్నరు."

"ముట్టిందా?" అంది భాగ్య.

జవాబు రాజేశం భార్య చెప్పింది. ఆమె పేరు మల్లక్క. ఓదార్చడానికే చెప్పిందని నాకు తెలుసు. "పెట్టంగనే ముట్టింది వదినె. మేం ఎనకకు మల్లంగనే వచ్చింది. అత్త మనసుల ఏం పెట్టుకోలే. నిమ్మళంగ పోయింది."

భాగ్య తలూపింది. దారంతా ఏడవనిది, పాత ఇంటి పునాది మీద ఏడవనిది, ఆ మాటకు కూలబడి ఏడ్చింది. అక్కడివాళ్లకు అది దుఃఖంలా కనిపించింది. నాకు మాత్రం వేరే సంగతి తెలిసింది. ఆలస్యమైనా పెద్దవ్వ తన కోసం ఆగుతుందనీ, కాకి ఎదురుచూస్తూ ఉంటుందనీ, తాను పోయి గారె పెట్టాకే ముడుతుందనీ ఆమె దారి పొడుగునా ఆశపడింది. పెద్దవ్వ ఆగలేదు.

మల్లక్క మాకు అన్నం పెట్టింది. అక్కడ జొన్నరొట్టె లేకుండా విస్తరి వేయరు. మేం పప్పుచారు అనేదాన్ని వాళ్లు కొంచెం చిక్కగా చేసి వరణం అంటారు. భాగ్య తన మూట విప్పి, మిగిలిన గారెలు పిల్లలకు పంచింది. నాకూ ఒకటి పెట్టింది. చల్లారిన గారె, వాగు చెమ్మకు మెత్తబడింది.

సాయంత్రం పిల్లలు బండి చుట్టూ చేరి డబ్బాను నొక్కుతున్నారు. రాజేశం వచ్చి చూసి, "మంచిగున్నది బావా. మా ఊరు సూపెడ్తదా?" అన్నాడు.

"సూపెడ్తది," అన్నాను. తర్వాత ఆయన్ని చేను గట్టు మీదికి తీసుకుపోయి, నిన్న పొద్దున్నే ఎందుకు రాలేదో మొత్తం చెప్పాను. దుకాణం సంగతి, ఎత్తని ఫోను సంగతి, ఎడమకు తిరగడం. రాజేశం పత్తికాయ ఒకటి తెంపి చాలాసేపు చేతిలో తిప్పాడు.

"నాకు జెప్పుడెందుకు బావా," అన్నాడు చివరకు. "గామెకు ఎర్కనే కద."

తిరుగు దారి

మర్నాడు బయల్దేరేటప్పుడు ఆసిఫాబాద్ మీదుగా పోదామన్నాను. భాగ్య, "పాత ఊరికెళ్లి పోదం," అంది. "డబ్బా పెట్టు," అని కూడా అంది.

ఇయర్‌ఫోన్ పెట్టుకోకుండా, తెర మాత్రం వెలిగించి పోయాం. రోలు దగ్గరికి ఆమె ఒక్కతే వెళ్లింది. నేను బండి దగ్గరే ఉన్నాను. వచ్చి, "లెవ్వు," అంది. గారెలు లేవు. ఆకు కూడా లేదు. మేకలు తిన్నాయో, ఉడతలు తిన్నాయో, కాకే తిన్నదో ఆమె అనలేదు.

ఈసారి బండిని నడిపించుకుంటూ వాగు దాటించాను. గోదావరి మీద, ఆమె భుజం తట్టకముందే ఆపాను. ఆమె దిగి, గోడ మీది నుంచి వంగి, రెండు బిళ్లలు వేసింది. రెండూ నీళ్లలో పడేదాకా చూసింది.

పాత ఊరు చూడగలిగారు కదా, అదీ మంచిదే అయింది అని ఈ సంగతి విన్న ఒకరిద్దరు నన్ను ఓదార్చారు. నేను ఆ ఓదార్పు తీసుకోను. యంత్రం తెలియక చేసింది. నేను తెలిసి చేశాను. ఒక రోజంతా గద్దె మీద సంచితో కూర్చున్న మనిషిని నేను చూడలేదు. దానికి ఏ రోలూ సమాధానం కాదు.

వారం తిరగకముందే డబ్బా విప్పి సలీం భాయ్‌కి ఇచ్చేద్దామని స్క్రూడ్రైవర్ తీశాను. భాగ్య గడపలో నిలబడి చూసింది.

"ఏం జేస్తున్నవు?"

"వాపస్ ఇస్తున్న. వద్దిది మనకు."

"ఉండనియ్యి," అంది. "పెద్దవ్వ ఇల్లు దానికొక్కదానికే ఎర్కున్నది."

తర్వాత ఒకసారి సలీం భాయ్ దుకాణం ముందు ఆగితే, జరిగింది విని ఆయన చాలా నొచ్చుకున్నాడు. "అరె, పటం పాతది భయ్యా. కంప్యూటర్‌కు పెట్టి కొత్తది ఎక్కిస్త, పైసలు గూడ వద్దు. ఇగ నీ ఊరు సక్కగ సూపెడ్తది," అన్నాడు. వద్దన్నాను. ఆయన నావైపు విచిత్రంగా చూసి, ఒక జత చెప్పులు కొనుక్కోమని పక్క దుకాణం చూపించాడు. వాగులో చెప్పు పోయిన సంగతి ఆయనకు బాగా నచ్చింది.

కొత్త పటం వచ్చిందని డబ్బాకు మాత్రం ఎలాగో తెలుస్తుంది. నెలకోసారి తెర మీద అడుగుతుంది: పటం మార్చాలా, వద్దా? వద్దు అని నొక్కుతాను. మొన్న వేములవాడకు పోతుంటే అదే ప్రశ్న వచ్చింది. నా చేతికి గ్లౌజు ఉంది. గ్లౌజుతో కూడా నొక్కు పడుతుందని సలీం భాయ్ చెప్పాడు గానీ, తడిసిన గ్లౌజుతో పడదు. రెండుసార్లు నొక్కాను, పడలేదు. బండి పక్కకు ఆపబోతుంటే, వెనక నుంచి భాగ్య నా చంక కిందుగా చేయి చాపి, వట్టి వేలితో, వద్దు మీద నొక్కింది.